ఏ కంపెనీ ఫోన్ కొనాలి? పాత నమ్మకాన్ని కాసేపు పక్కన పెట్టి వేసుకోవలసిన లెక్క

పండగకు ఊరు వెళ్లినప్పుడల్లా అరుగు మీద కూర్చోగానే నాకు ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది: "ఇప్పుడు ఏ కంపెనీది బాగుందిరా?" ఏ మోడల్ బాగుంది, ఎంతలో వస్తుంది అని అడిగేవారు తక్కువ, కంపెనీ పేరు చెబితే చాలు, మిగతాది షాపువాడు చూసుకుంటాడని ధీమా. ఇరవై ఏళ్ల కిందట మా నాన్నగారికి ఈ ప్రశ్నే పుట్టలేదు, ఎందుకంటే ఆయన దృష్టిలో ఫోన్ అంటేనే నోకియా. ఆ తర్వాత మా ఇంట్లోనే మైక్రోమ్యాక్స్, శాంసంగ్, రెడ్‌మీ, వివో ఒకదాని తర్వాత ఒకటి వచ్చి వెళ్లాయి. మా చెల్లెలు మాత్రం ఒకసారి ఐఫోన్ పట్టుకున్నాక మరి కదలలేదు. నా బీరువా సొరుగులో ఆరు పాత ఫోన్లున్నాయి, వాటి మీద అయిదు కంపెనీల పేర్లున్నాయి. కాబట్టి ఇక్కడ నేను చెప్పేది ఏ కంపెనీకో అభిమాన సంఘం పెట్టుకున్నవాడి మాట కాదు, అన్ని వాకిళ్లూ తొక్కి వచ్చినవాడి అభిప్రాయం.

ఆ అభిప్రాయం ఇది. కంపెనీ పేరు మీద నమ్మకం తప్పు కాదు గాని, దానికి ఒక ధర ఉంటుంది. ఆ ధర ఎంతో లెక్క వేసుకుని, ఇవ్వదగినదైతేనే ఇవ్వాలి. కొందరి విషయంలో అది నిజంగానే ఇవ్వదగినది.

పేరు అదే, వెనుక ఉన్నవాళ్లు వేరు

నోకియా 1100 మోడల్ 2003లో వచ్చింది. తలమీద టార్చి లైటు, దుమ్ము చొరబడని కీప్యాడ్, చేతిలో జారకుండా పక్కల గరుకు. కరెంటు పోయే పల్లెటూళ్లను, చెమట పట్టే చేతులను చూసి తయారుచేసిన ఫోన్ అది. ప్రపంచవ్యాప్తంగా 25 కోట్లకు పైగా అమ్ముడైంది. చెన్నై పక్కన శ్రీపెరుంబుదూరులో 2006లో నోకియా ఫ్యాక్టరీ మొదలైంది, 2014 నవంబరులో మూతపడింది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఆ కంపెనీ ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది, 2016లో ఆ పేరుతో ఫోన్లు చేసే హక్కు హెచ్ఎండీ గ్లోబల్ అనే మరో సంస్థకు దక్కింది. "నోకియా మళ్లీ వచ్చిందట" అని మా నాన్నగారు సంబరపడి కొన్న టచ్ ఫోన్, ఆయన ఇరవై ఏళ్ల కిందట నమ్మిన నోకియా చేసినది కాదు. ఆ పేరును లైసెన్సుగా తీసుకున్నవారు చేసినది. అది మంచిదా చెడ్డదా అన్నది వేరే విషయం, ఆయన నమ్మకం మాత్రం పాత చిరునామాకు వేసిన ఉత్తరం.

మోటరోలా కూడా అంతే. 2012లో గూగుల్ చేతిలోకి, 2014లో లెనోవో చేతిలోకి మారింది. 2014 ఫిబ్రవరిలో 12,499 రూపాయలకు వచ్చిన మోటో జి చూసి ఆ పేరును ప్రేమించినవాళ్లు నాకు చాలామంది తెలుసు, అయితే ఆ ఫోన్ రూపుదిద్దుకున్న ఇల్లు వేరు, ఇప్పటి మోటరోలా ఇల్లు వేరు. వన్‌ప్లస్ 2014 డిసెంబరులో 21,999 రూపాయలకు, అదీ ఆహ్వానం ఉన్నవారికి మాత్రమే అమ్ముతూ మన దేశంలో అడుగుపెట్టింది. తక్కువ ధరకు పెద్ద ఫోన్ అన్న పేరు అప్పుడు వచ్చిందే. 2021లో ఆ సంస్థ ఒప్పోతో మరింత దగ్గరగా కలిసిపోయి, తన ఫోన్లను నడిపే సాఫ్ట్‌వేర్ ఆక్సిజన్ ఓఎస్‌కూ ఒప్పో వారి కలర్ ఓఎస్‌కూ అడుగున ఒకే కోడ్ వాడడం మొదలుపెట్టింది. రెడ్‌మీ, పోకో ఒక గూటి పక్షులు. వివో, ఐకూ మరో గూటివి. రియల్‌మీ 2018లో ఒప్పో నీడలోనే పుట్టింది. "రెడ్‌మీ వద్దు, పోకో తీసుకుంటాను" అనేవారు అన్నను వదిలి తమ్ముడింటికి వెళ్తున్నారంతే.

ఇక జనం ఎంత వేగంగా మారారో చూడండి. 2014 చివరి మూడు నెలల్లో మన దేశపు స్మార్ట్‌ఫోన్ అమ్మకాల్లో మైక్రోమ్యాక్స్ శాంసంగ్‌ను దాటిందని మార్కెట్ పరిశోధన సంస్థ కెనాలిస్ లెక్క చెప్పింది. అదే ఏడాది జులైలో షావోమి ఆన్‌లైన్ అమ్మకాలతో వచ్చింది. మరుసటి ఏడాది ఆగస్టులో శ్రీసిటీలో తయారైన తన మొదటి భారతీయ ఫోన్, రెడ్‌మీ 2 ప్రైమ్‌ను, విశాఖపట్నంలో 6,999 రూపాయలకు విడుదల చేసింది. 2016 సెప్టెంబరు 5న జియో 4జీ మొదలయ్యేసరికి దేశీయ కంపెనీల గోదాముల్లో 3జీ ఫోన్లు పేరుకుని ఉన్నాయి, చైనా కంపెనీల దగ్గర 4జీ ఫోన్లు సిద్ధంగా ఉన్నాయి. 2017 చివరికి షావోమి మొదటి స్థానానికి వచ్చింది, 2022 చివర్లో శాంసంగ్ దాన్ని దించింది, 2024లో వివో అందరికంటే పైకి వెళ్లింది. పదేళ్లలో నాలుగు పేర్లు మారాయంటే కొనేవాడికి నిలకడ లేదని కొందరు విసుక్కుంటారు. నాకు అలా అనిపించదు. ప్రతి మలుపులోనూ ఏదో ఒక గట్టి కారణం ఉంది: ఒకసారి ధర, ఒకసారి సిగ్నల్, ఇంకోసారి వీధి చివర షాపులో దొరకడం.

ఏడాదికి ఎంత పడుతోంది?

ఫోన్లను పోల్చేటప్పుడు డబ్బా మీది ధరను చూడవద్దు, దాన్ని ఎన్నేళ్లు నిశ్చింతగా వాడగలమో ఆ సంఖ్యతో భాగించి చూడండి. ఈ రోజుల్లో ఫోన్ ఆయుష్షును తేల్చేది చాలావరకు అప్‌డేట్లే. భద్రతా అప్‌డేట్లు ఆగిన ఫోన్‌లో బ్యాంకు యాప్, యూపీఐ పెట్టుకోవడం గొళ్లెం ఊడిన బీరువాలో డబ్బు దాచడం లాంటిది. 2025 జనవరి 1 నుంచి ఆండ్రాయిడ్ 4.4 ఉన్న పాత ఫోన్లలో వాట్సాప్ కూడా ఆగిపోయింది.

ఒక ఉదాహరణ, అంకెలు లెక్క కోసమే. పదిహేను వేల ఫోన్ మూడేళ్లు నడిస్తే ఏడాదికి అయిదు వేలు. ముప్పై వేల ఫోన్ ఆరేళ్లు నడిచి, మధ్యలో మూడు వేలు పెట్టి బ్యాటరీ మారిస్తే ఏడాదికి అయిదున్నర వేలు. అంటే దాదాపు అదే ఖర్చుతో మెరుగైన కెమెరా, మెరుగైన తెర ఆరేళ్లూ చేతిలో ఉంటాయి. డెబ్బై వేల ఫోన్‌ను ఏడేళ్లు వాడి, బ్యాటరీకి ఏడు వేలు పెడితే ఏడాదికి పదకొండు వేలు. అది మొదటిదానికి రెట్టింపు పైమాటే, కాబట్టి ఆ అదనం దేనికి ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి. ఈ లెక్కంతా ఫోన్‌ను చివరిదాకా వాడేవారికే పనికొస్తుంది. రెండేళ్లకోసారి మార్చేవారికి అప్‌డేట్ల గొడవ లేదు, వారు చూడవలసింది తిరిగి అమ్మితే ఎంత వస్తుందన్నదే. అక్కడ ఐఫోన్‌కు సాటి లేదు.

మాట ఇచ్చిన కాలంలో కంపెనీల మధ్య పెద్ద తేడాలున్నాయి. గూగుల్ 2023 అక్టోబరులో పిక్సెల్ 8తోను, శాంసంగ్ 2024 జనవరిలో గెలాక్సీ ఎస్24తోను ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించాయి. శాంసంగ్ తన చవక ఫోన్లకూ ఆ దారి చూపింది: గెలాక్సీ ఏ16 5జీకి ఆరు ఆండ్రాయిడ్ వెర్షన్లు, ఆరేళ్ల భద్రతా అప్‌డేట్లు అని చెప్పింది. యాపిల్ ఇంత స్పష్టంగా సంవత్సరాలను ప్రచారం చేయదు గాని, 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్ఆర్‌కు 2024లో ఐఓఎస్ 18 అందింది. ఇందులో చాలామంది గమనించని మెలిక ఒకటి ఉంది. ఈ సంవత్సరాలను మీరు కొన్న రోజు నుంచి కాదు, ఆ మోడల్ మార్కెట్‌లోకి వచ్చిన రోజు నుంచి లెక్కిస్తారు. దీపావళి ఆఫర్‌లో రెండేళ్ల పాత మోడల్‌ను చవకగా కొన్నామని మురిసిపోయేవారు ఆ రెండేళ్ల అప్‌డేట్లను వదులుకున్నట్టే, కనుక ధర తగ్గింపును కూడా అదే నిష్పత్తిలో కొలవాలి.

పచ్చగీత

సర్వీసు గురించి నేను కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నా నమ్మకం విరిగింది అక్కడే. ఒక కంపెనీ ఫోన్లు వరుసగా మూడు వాడాను, నలుగురికి చెప్పి కొనిపించాను. మూడోది ఇరవై ఎనిమిది వేలు పెట్టి కొన్నది, పద్నాలుగో నెలలో ఒక రాత్రి ఛార్జింగ్ నుంచి తీసేసరికి తెర కుడివైపు పైనుంచి కిందిదాకా వెంట్రుకవాసి పచ్చగీత. ఫోన్ కింద పడలేదు, నీళ్లు తగల్లేదు. గీత సరిగ్గా యూపీఐ యాప్‌లో మొత్తం కనబడేచోట దిగింది. చివరి అంకె సున్నానో ఎనిమిదో తేల్చుకోవడానికి తెరను పక్కకు తిప్పి చూడవలసి వచ్చేది. సర్వీస్ సెంటర్‌లో టోకెన్ తీసుకుని రెండు గంటలు కూర్చున్నాక, వారంటీ దాటిందని, డిస్‌ప్లేకు పదకొండు వేల చిల్లర అవుతుందని చెప్పారు. హైదరాబాదు అబిడ్స్‌లోని జగదీశ్ మార్కెట్‌లో అడిగితే కాంబో, అంటే డిస్‌ప్లే, టచ్ కలిపి, నాలుగున్నర వేలకు వేస్తామన్నారు. అయితే తెర మీద వేలిముద్ర పనిచేయకపోవచ్చని, రంగులు కొంచెం పాలిపోతాయని వారే నిజాయితీగా చెప్పారు. ఏదీ వేయించలేదు. ఆ గీతతోనే తొమ్మిది నెలలు వాడి, ఇంకో కంపెనీకి మారిపోయాను.

ఈ పచ్చగీత ఒక్క కంపెనీ జబ్బు కాదు. అమోలెడ్ తెర వాడే చాలా ఫోన్లలో కనబడింది. తేడా అంతా అది వచ్చాక కంపెనీ ఏం చేస్తుందన్న దగ్గరే. వన్‌ప్లస్ 2024 డిసెంబరులో మన దేశంలో అమ్మిన తన ఫోన్లకు ఈ గీత సమస్య మీద జీవితకాల వారంటీ ప్రకటించింది. శాంసంగ్ కూడా అదే ఏడాది కొన్ని పాత గెలాక్సీ ఎస్ మోడళ్లకు షరతులతో ఒకసారి ఉచితంగా తెర మార్చి ఇచ్చింది. 2016లో గెలాక్సీ నోట్ 7 బ్యాటరీలు మండినప్పుడు ఆ మోడల్‌నే వెనక్కి తీసుకుని, 2017 జనవరిలో కారణాలను బయటపెట్టడం వల్లనే శాంసంగ్ కొనుగోలుదారులు చెదిరిపోలేదని నేను అనుకుంటాను. యాపిల్ కథ దీనికి భిన్నం: బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో ఒప్పుకున్నది, బయటివారు కనిపెట్టి నిలదీశాకే. అయినా ఆ కంపెనీ అభిమానులు పెద్దగా తగ్గలేదు. ఎందుకో కింద చెబుతాను.

అమ్మేవాడికీ కంపెనీకీ మధ్య సంబంధం కూడా మనకు పట్టే విషయమే. 2024లో దక్షిణాది మొబైల్ షాపుల గొలుసుల సంఘం ఒకటి, తక్కువ కమిషన్, వారంటీ క్లెయిముల ఆలస్యం వంటి ఫిర్యాదులతో, మే 1 నుంచి వన్‌ప్లస్ ఫోన్లు అమ్మబోమని కంపెనీకి లేఖ రాసింది. ఆ షాపుల్లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలోనివి కూడా ఉన్నాయి. అలాంటి వార్త చదివితే ఫోన్ చెడ్డదని కాదు, చెడిపోయినప్పుడు షాపువాడు మీ పక్షాన నిలబడతాడో లేదో అడిగి తెలుసుకోవాలని అర్థం.

అందుకని నేను ఇప్పుడు పాటించే పద్ధతి ఇది. కొనే ముందు కంపెనీ సైటులో మన ఊరి పిన్‌కోడ్ కొట్టి దగ్గరి సర్వీస్ సెంటర్ ఎక్కడుందో చూస్తాను. హైదరాబాదులో ఉన్నవారికి ఇది పెద్ద సంగతి కాదు. తణుకు దగ్గరి పల్లెలో ఉన్న మా అమ్మకు రాజమండ్రి వెళ్లి రావడమంటే ఒక పూట పని, ఫోన్ అక్కడే ఉంచమంటే రెండు పూటల పని. తర్వాత ఆ సెంటర్‌కే ఫోన్ చేసి, నేను కొనబోయే మోడల్ డిస్‌ప్లే ఎంత, బ్యాటరీ ఎంత, స్టాకు ఉంటుందా అని అడుగుతాను. కొనకముందు ఇలా అడిగేవాడిని వారు వింతగా చూస్తారు, చూడనివ్వండి. డిస్‌ప్లే ధర ఫోన్ ధరలో మూడోవంతు దాటితే ఆ ఫోన్ నాకు వద్దు.

కంపెనీల వారీగా నా మాట

శాంసంగ్: చిన్న ఊళ్లలో సర్వీసు, పొడవైన అప్‌డేట్లు కావాలంటే మొదట చూడవలసింది ఇదే. ఛార్జింగ్ నిదానం, డబ్బాలో ఛార్జర్ రాదు, అదే ధరకు చైనా కంపెనీలు ఇచ్చేంత వేగమైన చిప్ ఇవ్వదు. వ్యాపారులు, రియల్ ఎస్టేటువాళ్లు ఈ కంపెనీని వదలకపోవడానికి ఒక చిన్న కారణం ఉంది: దీని సొంత డయలర్‌లో, అంటే కాల్ చేసే యాప్‌లో, కాల్ రికార్డింగ్ "ఈ కాల్ రికార్డవుతోంది" అన్న ప్రకటన లేకుండా జరుగుతుంది. గూగుల్ డయలర్ ఉన్న ఫోన్లలోను, ఐఓఎస్ 18.1 తర్వాత ఐఫోన్లలోను ఆ ప్రకటన అవతలివాళ్లకు వినబడుతుంది. అది మంచిదే అని నా అభిప్రాయం, కాని జనం ఫోన్ ఎంచుకునే కారణాల్లో ఇదీ ఒకటని చెప్పకపోతే సగం నిజమే చెప్పినట్టు. ఇంకొక సంగతి: 2024లో ఇక్కడ విడుదలైన మామూలు ఎస్24లో ఎక్సినోస్ చిప్, అమెరికాలో అమ్మిన దానిలో స్నాప్‌డ్రాగన్. పేరొకటే అయినా అక్కడి సమీక్ష చూసి ఇక్కడ కొంటే పొరపాటే. ఎం, ఎఫ్ వరుసలు ఆన్‌లైన్‌కు, ఏ వరుస షాపులకు. చాలాసార్లు లోపలి సరుకులో పెద్ద తేడా ఉండదు, కాబట్టి రెండూ పోల్చి చూడండి.

ఐఫోన్: అభిమానులు ఎందుకు కదలరంటే, బయటికి వచ్చే దారి ఇరుకు. ఫొటోలు ఐక్లౌడ్‌లో, చేతికి యాపిల్ వాచీ, చెవులకు ఎయిర్‌పాడ్స్, అమెరికాలోని అన్నయ్యతో ఫేస్‌టైమ్. ఒక్కొక్కటి ఒక్కొక్క దారం, అన్నీ కలిసి మోకు. దీన్ని నమ్మకం అనాలో అలవాటు అనాలో నాకు ఇప్పటికీ తేలలేదు. వీడియో నాణ్యత, ఏళ్లు గడిచినా తగ్గని వేగం, అమ్మితే వచ్చే ధర, ఈ మూడూ నిజమైన గుణాలు. 15 వరుస నుంచి బ్యాటరీ వెయ్యి ఛార్జింగ్ చక్రాల తర్వాత కూడా ఎనభై శాతం సామర్థ్యం నిలుపుకునేలా చేశామని యాపిల్ చెబుతోంది, అంతకు ముందువాటికి ఆ సంఖ్య అయిదు వందలే. కొత్త వరుస సెప్టెంబరులో వస్తుంది, రాగానే పాత వరుస ధర దిగుతుంది. ఆగస్టులో ఐఫోన్ కొనడం ఆషాఢం సేల్‌కు వారం ముందు చీర కొనడమే. తెలుగువారికి ఐఫోన్‌తో మరచిపోలేని సంబంధం ఇంకొకటి ఉంది. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అనే ఒక్క తెలుగు అక్షరం మెసేజ్‌గా వస్తే చాలు, యాప్‌లు కుప్పకూలిపోయేవి, ఐఓఎస్ 11.2.6తో గాని అది సర్దుకోలేదు. జ్ఞానమూ జ్ఞాపకమూ రెండూ నిషిద్ధమైన ఆ వారం రోజులు మా చెల్లెలిని బాగా ఆటపట్టించాను.

అమెరికా నుంచి తెప్పించుకునేవారికి ఒక హెచ్చరిక: ఐఫోన్ 14 నుంచి అక్కడ అమ్మే ఐఫోన్లలో సిమ్ పెట్టే అర ఉండదు, కార్డు లేకుండా ఫోన్‌లోనే ఎక్కించుకునే ఈసిమ్ మాత్రమే. మీ నాన్నగారి నంబరు ఏ ఆపరేటర్‌ది, వారు ఈసిమ్ ఇస్తారా, ఆయన ఫోన్ మార్చినప్పుడల్లా ఆ మార్పిడి ఎవరు చేసిపెడతారు, ఇవి తేల్చుకోకుండా అబ్బాయి ప్రేమగా పంపిన లక్ష రూపాయల ఫోన్ పూజగదిలో పెట్టిన వెండి గ్లాసులా ఉండిపోతుంది.

పిక్సెల్: ఫొటోలు, శుభ్రమైన ఆండ్రాయిడ్, ఏడేళ్ల మాట. పెద్ద నగరంలో ఉండి, ఫోన్‌తో ఆటలు ఆడనివారికి చెబుతాను. 9ఏలో 200 ఛార్జింగ్ చక్రాల నుంచే బ్యాటరీ వోల్టేజీని కొద్దికొద్దిగా తగ్గించే ఏర్పాటు ఉంది, దాన్ని ఆపుకునే వీలు లేదు. ఏడేళ్లు వాడదామని కొనేవారు మధ్యలో ఒక బ్యాటరీ ఖర్చును ముందే కలుపుకోవాలి.

వివో, ఒప్పో, రెడ్‌మీ, రియల్‌మీ, వన్‌ప్లస్: పెట్టిన రూపాయికి పెద్ద బ్యాటరీ, వేగమైన ఛార్జింగ్, మంచి తెర ఇక్కడే దొరుకుతాయి. వివో, ఒప్పో ఊరూరా షాపుల్లో పాతుకుపోయాయి. మండల కేంద్రంలో సైతం కౌంటర్ దగ్గర వారి మనిషి ఉంటాడు, ఫోన్ సెట్ చేసి, పాతదానిలోని నంబర్లు ఎక్కించి, గ్లాస్ అతికించి పంపుతాడు. ఆ పది నిమిషాల సాయం వల్లనే మా బంధువుల్లో ఎక్కువమంది అటు వెళ్లారని నా పరిశీలన. మైనస్ ఏమిటంటే, చవక మోడళ్లలో అడగని యాప్‌లు, లాక్ తెర మీద ప్రకటనలు. మొదటి రోజే కూర్చుని అన్నీ ఆపేయాలి, లేకపోతే పెద్దవాళ్లు ఎక్కడో నొక్కి ఇంకేదో తెరుస్తారు. మోటరోలా, నథింగ్ ఫోన్లలో ఈ చెత్త తక్కువే, అయితే ఊళ్లలో సర్వీసు ఉందో లేదో ముందు చూసుకోండి.

కౌంటర్ దగ్గర మోసపోయే చోట్లు

5జీ అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని సిమ్‌లతోనూ 5జీ రాదు. జియో నడిపేది ఎస్ఏ పద్ధతి, అంటే 4జీ మీద ఆధారపడని విడి 5జీ; ఎయిర్‌టెల్ 5జీని ప్రధానంగా ఎన్ఎస్ఏ పద్ధతిలో, అంటే 4జీ మీద ఆనుకునేలా, పరిచింది. 2024 నవంబరులో పది వేల లోపు వచ్చిన రెడ్‌మీ ఏ4 5జీ ఎస్ఏకే పరిమితం, అందువల్ల ఎన్ఎస్ఏ 5జీ మీద ఎయిర్‌టెల్ సిమ్‌తో అది 4జీగానే మిగులుతుంది. "8 ప్లస్ 8 జీబీ ర్యామ్" అంటే పదహారు కాదు. రెండో ఎనిమిది స్టోరేజీలోంచి అరువు తెచ్చింది. చవక ఫోన్ ఏడాది తిరిగేసరికి హ్యాంగ్ కావడానికి ర్యామ్ కంటే ఎక్కువగా ఆ స్టోరేజీ రకమే కారణం: నిదానంగా నడిచే ఈఎంఎంసీ రకం అని ఉంటే వదిలేయండి, వేగమైన యూఎఫ్ఎస్ రకం ఉన్నది అడగండి.

సెకండ్స్‌లో కొనేవారు *#06# కొట్టి వచ్చిన ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్య) డబ్బా మీదిదీ బిల్లు మీదిదీ ఒకటేనా చూసుకుని, కేవైఎం అని ఇంగ్లీషులో కొట్టి, ఖాళీ వదిలి ఆ నంబరు రాసి 14422కు మెసేజ్ పంపితే ఫోన్ బ్లాక్‌లిస్టులో ఉందో లేదో తెలుస్తుంది. పాత యజమాని గూగుల్ ఖాతా గాని ఐక్లౌడ్ గాని ఎదురుగానే తీసేయించాలి. ఈఎంఐ బాకీ ఉన్న ఫోన్‌లో ఫైనాన్స్‌వాళ్ల లాక్ యాప్ ఉండవచ్చు, డబ్బు ఇచ్చాక అది బయటపడితే చేసేదేమీ లేదు.

మారాలా, ఉన్నచోటే ఉండాలా?

కంపెనీ మారడం అనుకున్నంత కష్టం కాదు, ఒక ఆదివారం ఉదయం పని. ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు వాట్సాప్ సంభాషణలు 2022 నుంచి మూవ్ టు ఐఓఎస్ యాప్ ద్వారా వెళ్తున్నాయి, అయితే కొత్త ఐఫోన్‌ను మొదటిసారి సెట్ చేసేటప్పుడే ఆ పని చేయాలి. ముందు ఫోన్ వాడేసి తర్వాత చూద్దామంటే మళ్లీ ఫ్యాక్టరీ రీసెట్ చేయవలసి వస్తుంది. యూపీఐ యాప్‌లు సిమ్ నుంచి మెసేజ్ పంపి కొత్తగా నమోదు చేసుకుంటాయి, కాబట్టి రీఛార్జి అయిపోయిన సిమ్‌తో మొదలుపెట్టకండి.

డిగ్రీ చదివే పిల్లలకు, మూడేళ్లలో ఎలాగూ మార్చేస్తారు కనుక, చైనా కంపెనీల మధ్య ధర చూసి కొనడమే మేలు. అక్కడ నమ్మకానికి పైసా అదనంగా ఇవ్వనవసరం లేదు. దుకాణం నడిపేవారికి, రోజంతా స్కాన్లు, కాల్స్ ఉండేవారికి పెద్ద బ్యాటరీ, దగ్గరి సర్వీసు రెండూ కావాలి, కెమెరా అక్కరలేదు. కొనుక్కున్నదాన్ని అరగదీసి వాడే నాలాంటివారికి ముప్పై వేల దగ్గర ఆరేళ్ల అప్‌డేట్ ఉన్నది. ఇప్పటికే రెండు మూడు యాపిల్ వస్తువులున్నవారు లెక్కలు మాని ఐఫోనే కొనుక్కోవడం మంచిది, బయటికి రావడానికి అయ్యే ఖర్చు ఫోన్ ధరను మించుతుంది.

పెద్దవాళ్ల విషయంలో మాత్రం నా లెక్క నేనే తప్పాను. నిరుడు మా అమ్మ ఫోన్ పాతబడితే, ఏడాది ఖర్చు చూసి వేరే కంపెనీది కొనిచ్చాను. ఆమె పాత ఫోన్‌లో పచ్చ గుండ్రాన్ని పట్టి పక్కకు లాగితే కాల్ కలిసేది. కొత్తదానిలో పైకి తోయాలి, కిందికి తోస్తే కట్టయిపోతుంది. అరవై ఎనిమిదేళ్ల చేతికి ఆ తేడా నేర్పడానికి నేను వారం రోజులు వీడియో కాల్‌లో ప్రయత్నించాను, ఎత్తబోయి కట్ చేసి మళ్లీ తనే ఫోన్ చేసేది. చివరికి ఆ ఫోన్ నేను తీసుకుని, ఆమె పాత కంపెనీదే, రెండు వేలు ఎక్కువైనా, తక్కువ చిప్ ఉన్నా, కొని పంపాను. చేరిన రోజు సాయంత్రం ఫోన్ చేస్తే రెండో రింగుకే ఎత్తింది.